బెల్టు మోకాళ్ళ ఆదివారం

ఆ రోజుల్లో మోకాలికి దెబ్బ తగిలితే మోకాలినే తిట్టేవాళ్ళు. "కండ్లు నెత్తికెక్కినయా?" అని ఒక మాట, పైన ఇంత పసుపు, అంతటితో వైద్యం అయిపోయేది. మోకాలికి ఒక తొడుగు ఉంటుందనీ, అది దుకాణంలో అట్టకు తగిలించి వేలాడుతుందనీ, ఆ అట్ట మీద నవ్వుతున్న తెల్లవాడి బొమ్మ ఉంటుందనీ ఎవడైనా చెబితే, మా ఘుగ్గుస్ బొగ్గుగని కాలనీలో వాణ్ణి ముందు నీడలో కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించేవాళ్ళు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మా మనవరాలు కాలేజీవాళ్ళతో కలిసి వరోరా వైపు పొలాల్లో రాళ్ళుగా మారిన పాత ఎముకలు వెతకడానికి పోతానంది. మోకాళ్ళ తొడుగులు కొనడానికి చంద్రపూర్ బజారుకు బయలుదేరితే నేనూ వెంట పోయాను. (నన్ను రమ్మనలేదు. వద్దనీ అనలేదు, నాకదే చాలు.) దుకాణదారు ఒక జత ముందు పడేసి "హే ఘ్యా కాకా, ఏక్ నంబర్" అన్నాడు, ఇది తీసుకో, మేలురకం అని. కుట్టు దగ్గర గోరు పెట్టి గీకాను. దారం లేచి నా గోటితో పాటే వచ్చింది. "దీని మీద ఎన్ని గంటలు పాకొచ్చు?" అని అడిగాను. అతను నన్ను కింది నుంచి పై దాకా జాలిగా చూసి, "కాకా, మీ నొప్పులకైతే వేరేది ఉంది" అన్నాడు. నేను నొప్పి గురించి అడిగానా? మన్నిక గురించి అడిగాను! మనవరాలు ఫోను నా ముక్కు ముందు పెట్టి, "తాతా, చూడు, ఎంతమంది మంచిగున్నదని ఐదు చుక్కలిచ్చిన్రో" అంది. ఆ ఎంతమందిలో ఒక్కడైనా పల్లేరుకాయల మీద పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా పాకాడా అని అడిగాను. ఆమె గులాబీ రంగువి కొనుక్కుంది. రంగు చూసి మోకాలి తొడుగు కొనే లోకంలో నేనింకా బతికి ఉన్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. మోకాలి తొడుగు విషయంలో నాతో వాదించదగినవాడు ఈ జిల్లాలో లేడని నా నమ్మకం. ఆ నమ్మకం ఊరికే రాలేదు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఏడో తరగతితో బడి నన్ను వదిలేసింది, నేను మాత్రం చదువును వదల్లేదు. పల్లీల పొట్లం విప్పితే పల్లీలు తరవాత, ముందు కాగితం. సగంలో చిరిగిపోయిన వార్తలకు మిగతా సగం నేనే ఊహించుకుని పూర్తిచేసేవాణ్ణి. (వాటిలో చాలా వాటికి అసలు ముగింపు కన్నా నాదే బాగుండి ఉంటుంది.) మంచిర్యాల దగ్గరి మా ఊరి నుంచి ఘుగ్గుస్‌లో అక్కాబావల క్వార్టరుకు వచ్చి, బావ పనిచేసే బొగ్గుగనిలోనే బదిలీ కూలీగా చేరాను. బదిలీ కూలీ అంటే ఎవడైనా పనికి రాకపోతే ఆ పూటకు వాడి పని మనది. వాడొస్తే మనం ఇంటికి. మరాఠీ అప్పటికి నాలుగు మాటలు వచ్చు. 'యే' అంటే రా, 'జా' అంటే పో, 'దే' అంటే ఇయ్యి, 'ఘే' అంటే తీసుకో. రావడం, పోవడం, ఇవ్వడం, తీసుకోవడం, మనిషి బతుకులో ఇంతకు మించి ఏముందని నా ధీమా. ఆ నాలుగో మాటే నా కొంప ముంచింది.

గనిలోంచి బొగ్గుతో పాటు పలకరాయి కూడా పైకొస్తుంది. ఒకనాడు నా చేతిలో ఒక పలక రెండుగా చీలి, లోపల ఒక ఆకు కనిపించింది. ఈనెలతో సహా, నిన్ననే రాలినట్టు! దాన్ని తెచ్చి మంచం కింద పెట్టుకున్నాను. తరవాత ఇంకొకటి, ఆ తరవాత మరి నాలుగు. బావ తొంగిచూసి, "ఏం బామ్మర్ది, రాళ్ళు గిట్ల జమచేస్తున్నవ్, కోడిని పొదగవెడ్తవా?" అన్నాడు. అలాంటి రాళ్ళ కోసమే చాందా (ఇప్పటి చంద్రపూర్) కాలేజీ నుంచి ఒక మరాఠీ సారు మా కాలనీకి వచ్చాడు. ఎండలోనూ నీడలోనూ టోపీ తీయడు గనక ఆయన మాకు టోపీ సారు. నా మంచం కిందికి ఆయన కూడా తొంగిచూశాడు. చూసి, టోపీ తీశాడు. ఆదివారం వరోరా వైపు పొలాలకు తన విద్యార్థులతో పాటు నన్నూ రమ్మన్నాడు. అక్కడ రాకాసి బల్లుల ఎముకలు మట్టిలోంచి పైకి తేలుతాయట. అప్పటిదాకా నన్ను ఎవరూ దేనికీ పిలవలేదు, నేనే పోయేవాణ్ణి. కాబట్టి ఆ పిలుపు నాకెంతటిదో మీరే ఊహించుకోండి.

ఆ నేల ఎలాంటిదంటే, పైన నల్లరేగడి, దాంట్లో జొన్నగింజ నుంచి కోడిగుడ్డు దాకా అన్ని సైజుల్లో గులకరాళ్ళు, వాటి సందుల్లో పల్లేరుకాయలు. వరసగా మోకాళ్ళ మీద కూర్చుని అంగుళం అంగుళం చూసుకుంటూ ముందుకు పాకాలి. పాకడం మొదలుపెట్టగానే సారు వెనక నుంచి కేకేశాడు: "గుడఘే సాంభాళా రే!" నా గుండె ఉప్పొంగిపోయింది. ఎందుకో చెప్పనా? 'ఘే' నాకు తెలుసు, తీసుకో. దాని ముందు ఆయన 'గుడ్డ' అన్నాడు! నేను తెలుగువాణ్ణని, పాపం, నా కోసం ఒక తెలుగు మాట నేర్చుకుని మరీ చెబుతున్నాడు: గుడ్డ తీసుకో, సంభాళించుకో! వెంటనే భుజం మీది తువ్వాల తీసి పైకెత్తి చూపించాను, "ఘేతలా సార్!" అని, అంటే తీసుకున్నానని. సారు టోపీ సర్దుకున్నాడు. కాసేపటికి మళ్ళీ "గుడఘే!" మళ్ళీ నా తువ్వాల లేచింది. ఆయన కేకేసినప్పుడల్లా నేను రైలుకు పచ్చజెండా ఊపినట్టు ఊపుతూ, ఆయన వాత్సల్యానికి లోలోపల కరుగుతూ, వట్టి మోకాళ్ళతో ఆ నేలంతా దున్నాను. విద్యార్థులు నన్ను చూసి ఎందుకు నవ్వుతున్నారో నాకర్థం కాలేదు. పట్నం పిల్లలకు గురుభక్తి ఉండదని సరిపెట్టుకున్నాను.

సాయంత్రానికి లాగు మోకాళ్ళ దగ్గర రెండు కిటికీలు, ఆ కిటికీల్లో రెండు దానిమ్మపండ్లు. ఇంటికి కుంటుకుంటూ పోతే అక్క చూసి నెత్తి కొట్టుకుంది. బావ మాత్రం నిదానంగా అడిగాడు.

"ఏందిర ఇది? మోకాళ్ళకు ఏమన్న కట్టుకొమ్మని చెప్పలేదా మీ సారు?"

"లేదు బావా. గుడ్డ తీస్కో, గుడ్డ తీస్కో అని పొద్దుమూకిందాక చెప్పిండు. తీస్కున్న."

"గుడ్డేంది?"

"గుడ్డ ఘే, సాంభాళా అని..."

బావ ముఖం మెల్లగా ఉబ్బింది. ఆ తరవాత ఆయన మంచం పట్టె మీద పడి నవ్విన నవ్వుకు పక్క క్వార్టరువాళ్ళు తలుపు తీశారు. "ఓరి నీ తెలివి తెల్లార! గుడఘే అంటే మోకాళ్ళురా! మోకాళ్ళు పైలం, మోకాళ్ళు పైలం అని ఆయన మొత్తుకుంటుంటే నువ్వు తువ్వాల ఊపినవా?"

నవ్వు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. పదిహేను రోజుల తరవాత సోమవారం నాకు డాక్టరు పరీక్ష. అందులో గట్టెక్కితే పర్మనెంటు, లేకపోతే ఊరికి పోయి బర్రెల వెంట. ఆ డాక్టరు అందరితోనూ బైఠకీలు (మన గుంజీళ్ళే) తీయిస్తాడనీ, మోకాలు పట్టేసినవాణ్ణి వెనక్కి పంపిస్తాడనీ కాలనీ అంతా తెలుసు. "మెడికల్ అయిందాక ఆ రాళ్ళ మొకం చూస్తే నీ మొకం నేను చూడ" అని బావ తీర్పు చెప్పాడు. కానీ సారు చెప్పిన మాట ఒకటుంది. పరీక్షకు ముందు రోజు ఆదివారమే ఆఖరుసారి. ఆ తరవాత వాన పడుతుంది, రైతులు దున్నుతారు, పైకి తేలినవన్నీ మళ్ళీ మట్టిలోకి పోతాయి. రెండు రోజులు అన్నం ముందు మూతి ముడుచుకుని కూర్చుంటే చివరికి బావ దిగివచ్చి ఒక ఒప్పందం పెట్టాడు. పుండ్లు మానాక, శనివారం సాయంత్రం క్వార్టరు నుంచి నీళ్ళ పంపు దాకా ఉన్న, బొగ్గు కాలి మిగిలిన చిట్టెం పరిచిన బాట మీద మోకాళ్ళతో పోయి మోకాళ్ళతో రావాలి. ఒక్క గీత కనిపించినా ఆదివారం ఇంట్లోనే. గీత లేకపోతే పోవచ్చు. మోకాళ్ళకు ఏం కట్టుకుంటానో నా ఇష్టం.

నేను తువ్వాలతో మొదలుపెట్టాను (మనిషి ఓడిన చోటే మళ్ళీ ఓడతాడు). నాలుగు మడతలేసి కట్టుకుంటే నాలుగు అడుగులకే జారి చీలమండల దగ్గర కడియాల్లా కూర్చుంది. ఆ తరవాత పాత పరుపులోంచి కొబ్బరిపీచు తీసి గోనెసంచిలో కూరి కట్టుకున్నాను. మెత్తగానే ఉంది గానీ, పీచు సంచిలోంచి బయటికి వచ్చి, మానుతున్న పుండును పలకరించడం మొదలుపెట్టింది. లారీ ట్యూబు ముక్క కోసి కట్టుకుంటే కింద ఎంత రాయి ఉందో అంత రాయీ లెక్క తప్పకుండా మోకాలికి అందింది. ఇక మన్నిక అంటే బెల్టే అనుకున్నాను. బెల్టంటే నడుముది కాదు, గనిలో బొగ్గును మోసుకుపోయే రబ్బరు పట్టా. అరిగిన ముక్కలు పారేస్తే కాలనీవాళ్ళు గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోవడానికి వేసుకునేవాళ్ళు. టన్నులకొద్దీ బొగ్గు దొర్లినా చావని సరుకు, నా మోకాలికి చస్తుందా? చావలేదు. వంగనూ లేదు. రెండు మోకాళ్ళకూ కట్టుకుని లేచి నడిస్తే, కీళ్ళు లేని దయ్యం వచ్చిందని ఎదురింటి ముసలమ్మ లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకుంది.

బెల్టు ముక్కలు పట్టుకుని బజారులో చెప్పులు కుట్టే తాత దగ్గరికి పోయాను. ఆయనది రాజురా దగ్గరి పల్లె, మన తెలుగే. ముక్కను అటూ ఇటూ తిప్పి, నా మోకాలిని కూడా చెప్పును చూసినట్టే తిప్పి చూశాడు.

"దీని మీద మోకాలు పెడ్తే ఏమైతది?"

"బెల్టు అరుగది తాతా, గట్టిది."

"బెల్టు అరుగది బిడ్డా, చిప్ప అరుగుతది. నీకు మన్నాల్సింది బెల్టా, చిప్పా?"

నేను బెల్టు ముక్క కింద పెట్టాను. (నా నోరు మూయించినవాళ్ళు తక్కువ. అందుకే తాతను మరిచిపోలేదు.) "నడుమ గుంత తియ్యాలె. చిప్ప గిన్నెల కూసున్నట్టు కూసోవాలె. గుంతల మెత్తటిది ఏదన్న వెయ్యి. పట్టీ మోకాలి ఎనుక కట్టకు, రక్తం ఆగుతది. ఒకటి మీద, ఒకటి కింద." ఇంతే చెప్పి ఇంకొకడి చెప్పు అందుకున్నాడు. ఇంత చెప్పడానికి ఆయనకు ఏ ఫోను చుక్కలూ అక్కర్లేకపోయాయి.

మెత్తటిది అంటే మెత్తగా ఉండాలి, నలిగిపోకూడదు. అది మా ఇంట్లోనే ఉంది. బల్లార్‌పూర్ కాగితం మిల్లులో తడి కాగితాన్ని మోసుకుపోయే మందపాటి ఉన్ని గుడ్డ ఒకటుంటుంది. అరిగిపోయాక ముక్కలుగా బయటికి వస్తే మావాళ్ళు మిల్లు కంబలి అని కప్పుకునేవాళ్ళు. మా అక్కకు అలాంటి కంబలి ఒకటి ప్రాణం. ఎండాకాలం గదా, పెట్టె అడుగున ఉంది గదా, చలికాలం దాకా ఎవరు చూస్తారులే అని మధ్యలోంచి రెండు జానెడు ముక్కలు కోశాను. అక్క ఆ మధ్యాహ్నమే పెట్టె ఎండకు పెట్టింది.

"తమ్మీ! నా కంబలికి ఈ కిటికీలు ఎవడు వెట్టిండు?"

"ఎండకాలమే గదా అక్కా..."

"ఎండకాలం పోతే చలికాలం రాదా? అప్పుడు నీ మోకాళ్ళు వచ్చి కప్పుతయా నన్ను?"

చీపురు లేచింది. నేను పంపు దాకా పరుగెత్తాను. పరుగు మధ్యలో నాకు తెలిసింది, పుండ్లు మానాయని.

శనివారం సాయంత్రం బావ గడపలో పీట వేసుకుని కూర్చున్నాడు. పైన బెల్టు, నడుమ గుంత, గుంతలో రెండు పొరల కంబలి, పైనొకటి కిందొకటి సైకిల్ ట్యూబు పట్టీలు. నేను మోకాళ్ళ మీద దిగి బయలుదేరాను. చిట్టెం కరకరమంటోంది గానీ మోకాలికి ఏమీ తెలియడం లేదు! సగం దూరం పోయేసరికి పంపు దగ్గరి ఆడవాళ్ళు బిందెలు దించి చూస్తున్నారు.

"ఏం మొక్కు బిడ్డా?" అని ఒకామె అడిగింది.

ఊపిరాడక ఒక్క మాటే చెప్పగలిగాను: "పరీక్ష."

"అవ్వో! పరీక్ష పాసైతే మోకాళ్ళ మీద వస్తనని మొక్కిండట!"

"ఇంక పాసే కాలేదు గదనే?"

"ముందే తీర్చుకుంటుండు. గట్టి భక్తి!"

పొర్లుదండాలు పెట్టేవాళ్ళ మీద నీళ్ళు పోయడం పుణ్యం గదా. ఒకామె బిందె ఎత్తి నడుము మీద పోసింది. రెండో ఆమె కాళ్ళ మీద పోసింది. ఆ తరవాత వరస పెట్టారు. "వద్దమ్మా, కంబలి నానుతది!" అని నేను మొత్తుకుంటుంటే, అమ్మవారు పూనిందని ఒకామె నుదుట బొట్టు కూడా పెట్టింది. నానిన కంబలి గుంతలో పొంగి, ఒక్కో మోకాలు ఒక్కో బస్తా అయింది. లేస్తే ఒప్పందం పోతుంది. లేవలేదు. ఆ బరువును ఈడ్చుకుంటూ, పళ్ళు కొరుక్కుంటూ, వెనక "జై మాతా" అనే ఆడవాళ్ళతో సహా మా గడప చేరాను.

బావ పట్టీలు విప్పాడు. మోకాళ్ళు నానిన పల్లీగింజల్లా తెల్లగా ముడుతలు పడి ఉన్నాయి. గీత లేదు. బొటనవేలితో చిప్ప చుట్టూ నొక్కాడు.

"నొప్పా?"

"లేదు."

"అబద్ధమా?"

"కొంచెం."

"నొప్పి కొంచెమా, అబద్ధం కొంచెమా?" అని, జవాబు కోసం చూడకుండా లేచాడు. "పో. సోమారం నాడు కుంటినవంటే మాత్రం ముందు నీ రాళ్ళను బాయిల ఏస్త, ఎనుక నిన్ను."

ఆ నీళ్ళు నాకు మేలే చేశాయి. తడి సంగతి ముందే తెలిసింది. కంబలి ముక్కలను పొయ్యి పక్కన ఆరబెట్టి, పనికిరాదనుకున్న లారీ ట్యూబును వాటికి తొడుగుగా వేసి కుట్టాను. ఆదివారం పొలంలో దిగగానే విద్యార్థులు "హత్తీ ఆలా రే!" అని చప్పట్లు కొట్టారు. ఏనుగు మోకాళ్ళ మీద దిగి పాకడం మొదలుపెట్టింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒక్కొక్కడే లేచి మోకాళ్ళు దులుపుకుంటూ, నడుము వంచి వెతకడం మొదలుపెట్టాడు. నిలబడినవాడికి నేల కనిపిస్తుంది, రాయి కనిపించదు. ఏనుగు పాకుతూనే ఉంది. మూడో జాము దాటాక, పల్లేరు తీగ కింద, చేతికి సరిపడేటంత సొరకాయ ఆకారపు రాయి ఒకటి కనిపించింది. ఒంటి మీద మెలికలు తిరిగిన గీతలు. కేక పెడితే సారు పరుగెత్తుకొచ్చి, నా పక్కనే మోకాళ్ళ మీద పడి, దాన్ని రెండు చేతులతో ఎత్తాడు.

"ఇదేంటో తెలుసా?" అన్నాడు హిందీలో.

"ఎముకా సార్?"

"పేడ. రాకాసి బల్లిది."

విద్యార్థులు ఎంతసేపు నవ్వారో చెప్పను. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఇన్ని తంటాలు పడి, అక్క కంబలి కోసి, సంపాదించింది ఇదా? సారు మాత్రం నవ్వలేదు. "ఎముక దొరికితే అది ఎలా చచ్చిందో తెలుస్తుంది. దీంతో అది ఎలా బతికిందో తెలుస్తుంది, ఏం తిన్నదో తెలుస్తుంది" అన్నాడు. ఆ తరవాత నోటుబుక్కు తీసి ఆ రాయి బొమ్మ గీశాడు. గీసి, నా మోకాళ్ళ వైపు చూసి, ఒక తొడుగు విప్పమన్నాడు. లోపల గుంతలో బొటనవేలు పెట్టి చూశాడు, పట్టీలు లాగి చూశాడు. ఎవరు నేర్పారని అడిగాడు. చెప్పులు కుట్టే తాత సగం, నేను సగం అన్నాను. అదే కాగితం మీద, రాయి బొమ్మ కింద, ఆ తొడుగు బొమ్మ కూడా గీసుకున్నాడు, కొలతలతో సహా. విద్యార్థుల నవ్వు అక్కడ ఆగింది.

ఇంటికొచ్చి చెబితే అక్క అంది: "పేడనా? ఊర్లె బర్ల పేడ ఎత్తనీకి నామోషీ అని గీడికొస్తివి, గీడ రాకాసి పేడ ఎత్తుతున్నవా?"

సోమవారం డాక్టరు నా లాగు పైకి మడవమన్నాడు. ఒక్కో మోకాలికి పైనొకటి, కిందొకటి నల్లటి ఉంగరాలు, చెమటకు దిగిన ట్యూబు రంగు. ఎంత రుద్దినా పోలేదు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని కంపౌండరును పిలిచాడు, ఇద్దరూ వంగి చూశారు. ఇదేదో అంటుజబ్బు అంటారేమోనని నాకు అనుమానం వచ్చింది. అడగకముందే బైఠకీలు మొదలుపెట్టాను. ఇరవై దాటాక డాక్టరు చాలన్నాడు. నేను ఆగలేదు, నలభై తీశాను. కంపౌండరు భుజం పట్టుకుని ఆపాడు. "సబ్బుతో కడుక్కో" అని మాత్రం చెప్పి డాక్టరు కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ బుధవారమే వాన పడింది. పర్మనెంటు అయ్యాక ఆదివారాలు నావి కాకుండా పోయాయి, మరుసటి ఎండాకాలానికి సారుకు బదిలీ అయింది. ఆ పొలాలకు నేను మళ్ళీ పోలేదు. అంటే ఆ తంటా అంతా ఒక్క ఆదివారం కోసమే. పట్టీలు ఎప్పుడో కుళ్ళిపోయాయి, బెల్టు మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో మిక్సీ కింద ఉంది, ఒక్క గీత పడలేదు. (మన్నిక అంటే అదీ!) నా చిప్పలే అరిగాయి. కింద కూర్చోవద్దు, మోకాళ్ళ మీద అసలే వంగవద్దు అని ఈమధ్య ఇంకో డాక్టరు రాసిచ్చాడు.

నిన్న పొద్దున బీపీ మాత్ర చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లింది. ఎవరినీ పిలవలేదు. మంచం కోడు పట్టుకుని, ఒక మోకాలు, తరవాత ఇంకో మోకాలు ఆనించి వంగాను. మాత్ర దొరికింది. అయినా లేవలేదు (లేవలేకపోవడం కొంత ఉంది, అది దాచను). మంచం కింద నేల మీద సన్నటి ఇసుక, ఒక చీమ, గోడ వారన పెచ్చు ఊడిన చోట గచ్చులోంచి తొంగిచూస్తున్న ఒక నున్నటి గులకరాయి. దాన్ని గోటితో కదిపి చూస్తున్నాను.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "ఏం పోయిందయ్యా?" అంది.

"ఏం పోలే. చూస్తున్న."